ఏ దీపమూ వెలగని రోజు

అల్మారా పై అరలోంచి తోలు పెట్టెను దించి గుండీ విప్పగానే పాత చెప్పుల దుకాణంలోకి అడుగుపెట్టినట్టు వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన కూడా ఉంది, బ్యాటరీ కారి ఎండిపోయిన తుప్పు వాసన. నన్ను అడక్కుండానే నా బొటనవేలు కెమెరా వెనక ఉన్న చిన్న మీట మీదికి వెళ్లి నొక్కింది. పైన రీలు లెక్క చూపించే బుల్లి కిటికీలో ఆకుపచ్చ దీపం వెలగాలి. వెలగలేదు. ఇంకోసారి నొక్కాను. ఈ కెమెరాకు సరిపోయే బ్యాటరీలు తయారు చేయడం మానేసి చాలా ఏళ్లయింది, ఆ సంగతి నా బొటనవేలికి ఎవరూ చెప్పలేదు.

ఎప్పుడూ తీయని కెమెరాను ఇవాళ ఎందుకు దించానో చెప్పాలి. పది నిమిషాల కిందట బౌరంపేటలో ఉండే మా చెల్లెలు లతతో ఫోన్లో మాట్లాడాను. "ఎట్లున్నవే?" అని అడిగితే "మంచిగనే ఉన్న అక్కా" అని, పొయ్యి మీద పాలున్నాయని పెట్టేసింది. ఆ మాటలో పట్టుకోవడానికి ఏమీ లేదు. అదే నాకు నచ్చలేదు. బాగున్నానన్న మనిషిని పట్టుకుని అనుమానించడమేమిటని మా ఇంట్లో నన్ను ఆటపట్టిస్తారు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మేడ్చల్‌లో ఒక ఫొటో స్టూడియోలో, ఈశ్వరయ్య కాక అనే మనిషి దగ్గర, ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

తొంభైల మొదట్లో మేడ్చల్ బస్టాండుకు ఎదురుగా, ఎరువుల దుకాణానికీ సైకిలు దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆయన స్టూడియో. మూడు మెట్లెక్కితే గది, వెనక చీకటి గది, గోడకు కొండలూ జలపాతమూ గీసిన తెర. మాది దేవరయాంజాల్. మా నాయిన దర్జీ. డిగ్రీ మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్న నన్ను ఈశ్వరయ్య గారు పనికి పిలిచిన కారణం చాలా సాదాసీదాది. ఆడపిల్ల పెద్దమనిషి అయితే చేసే వేడుకల్లో పిల్ల కూర్చునే లోపలి గదిలోకి మగ ఫొటోగ్రాఫర్‌ను రానిచ్చేవారు కాదు. "నేను పోతె పిల్ల తలకాయ ఎత్తది, అవ్వలు నన్ను కడప దాటనియ్యరు. సగం ఫోటోలు తలుపు సందుల కెల్లి తీసినట్టే ఉంటయి" అన్నాడాయన, మా నాయినతో. మొదటిరోజు నేను "సార్" అంటే, "సారేంది బిడ్డా, గీడ చాక్‌పీసు ఉన్నదా, బెత్తం ఉన్నదా? కాకా అను" అన్నాడు. అప్పట్నుంచీ కాకే. ఆయన భార్య అనసూయమ్మ నాకు చిన్నమ్మ. వాళ్లకు పిల్లలు లేరు.

వేడుకలకు వాడే పెద్ద కెమెరా, ఫ్లాషు వేరే ఉండేవి. కాక ప్రాణం మాత్రం ఈ చిన్నదాని మీదే. దుబాయ్‌లో పనిచేసి వచ్చిన బావమరిది తెచ్చిచ్చాడట. అందులో ఎప్పుడూ నలుపు తెలుపు రీలు వేసుకుని, తనకోసం తాను తీసుకునేవాడు. వారం రోజులు నన్ను రీలు వేయనివ్వలేదు, ఖాళీ కెమెరాకు కన్ను ఆనించి చూపు కిటికీలోంచి చూడడమే పని. కిటికీ మధ్యలో లేత పసుపు మచ్చ, అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు మీది ఒక రింగు తిప్పుతూ ఆ ఇద్దరినీ ఒక్కడిని చేయాలి. పై అంచున రెండు చిన్న బాణాలు, ఫొటో కొట్టే మీట సగం నొక్కితే వాటిలో దీపాలు వెలుగుతాయి.

"ఎర్రది ఎలిగిందనుకో, ఎలుతురు ఎక్కువైందన్నట్టు. బాణం ఎటు సూపిస్తె ఇంకో రింగు గటు తిప్పు, అది ఆరేదాంక. పసుపుది ఎలిగిందనుకో, ఎలుతురు సాలతలేదన్నట్టు. గప్పుడు గూడ గంతే, అది సూపిన దిక్కు తిప్పు. ఇగ తిప్పినా ఆరకపోతె గోడకానుకోని, ఊపిరి బిగవట్టి కొట్టు."

"రెండూ వెలగకపోతే?" అన్నాను.

"మంచిగున్నదన్నట్టు. కొట్టు." కెమెరా తిప్పి వెనక మీట చూపించాడు. "గని ముందుగాల దీన్ని నొక్కు. ఆకుపచ్చ దీపం ఎలిగితెనే బ్యాటరీల పానం ఉన్నట్టు. పానం లేనిది గూడ తప్పు జెప్పది బిడ్డా. సప్పుడు జెయ్యది, గంతే. బ్యాటరీ సచ్చిపోతె గీ కెమెరా కొట్టుడు ఆపది, ఎంత మబ్బున్నా ఒక్కటే ఉరుకుడు ఉరుకుతది, లోపలి రెప్ప టక్కున తెరిసి టక్కున మూస్తది. కిటికీల అంతా మంచిగనే కనవడ్తది. ఫిల్ముకు మాత్రం ఏం ముట్టది."

కిటికీ ఒకటి, ఫిల్ము ఒకటి అన్న సంగతి ఆయన తలకెక్కిన కథ కూడా చెప్పాడు. కొత్తలో బహదూర్‌పల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, లెన్సు మూత తీయకుండా రీలంతా కొట్టాడట. ఈ కెమెరాలో చూసే దారి వేరు, ఫిల్ముకు వెలుతురు వెళ్లే దారి వేరు కాబట్టి, కిటికీలో పెళ్లికొడుకు నిక్షేపంగా కనిపించాడట. "పెండ్లంత నేనొక్కన్నే సూసిన, ఫిల్ము ఒక్క మెతుకు గూడ తినలే" అని నవ్వేవాడు. ఇంకో నియమం, ఆయన రోజుకు రెండుసార్లు చెప్పేది: సంచిలో పెట్టేముందు ఫొటో కొట్టే మీట చుట్టూ ఉన్న రింగును తాళం వైపు తిప్పాలి. లేకపోతే లోపల ఏదైనా ఒత్తుకుని మీట సగం నొక్కుడు పడి, దీపం వెలుగుతూనే ఉండి బ్యాటరీ అయిపోతుంది. నేను రోజుకు రెండుసార్లు తల ఊపేదాన్ని.

చిన్నమ్మ మధ్యాహ్నం అన్నం గిన్నెలు తీసుకుని నడిచి వచ్చేది. తక్కువ మాట్లాడే మనిషి. నేను తిన్నానో లేదో నా మొహం చూసి చెప్పేది. తన సంగతి ఎవరు ఏది అడిగినా ఒకటే జవాబు, "నాకేంది, మంచిగున్న." ఆ వానాకాలం మొదలయ్యేసరికి ఆ మూడు మెట్ల దగ్గర ఆగి తలుపు చెక్క పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. "చిన్నమ్మా, మెట్లు లెక్కపెడుతున్నవా?" అని నేను వేళాకోళం చేసేదాన్ని. నవ్వేది. కాక కెమెరా తుడుచుకుంటూ తనూ నవ్వేవాడు. ఇద్దరం రోజంతా వెలుతురు కొలిచే మనుషులం, మా కళ్లముందు ఆమె ఊపిరి అందక నిలబడుతోందని మాకు తట్టలేదు.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం మా ఊళ్లోనే వేడుక. కాకతోపాటు చిన్నమ్మ కూడా వచ్చింది. లోపలి గదిలో చీర కుచ్చిళ్లు సర్దడానికీ, ముసలమ్మలను పక్కకు జరపడానికీ ఆమె సాయం నాకు కావాలి. పొద్దున హడావుడిలో సంచి సర్దింది నేను. చిన్న కెమెరాను అడుగున పెట్టి, దాని మీద ఫ్లాషును కుక్కాను. రింగు తాళం వైపు తిప్పానా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను నేను వెయ్యిసార్లు వేసుకున్నాను. తిప్పలేదు. తిప్పలేదని నాకు తెలుసు. పెద్ద కెమెరాతో మధ్యాహ్నం దాకా ఫొటోలు తీస్తున్నంతసేపూ, గది మూలన మూసిన సంచిలో, ఎవరూ చూడని చోట ఆ పసుపు దీపం వెలుగుతూనే ఉంది.

పని అయ్యాక ఆటోలో తిరిగి వెళ్లబోతుంటే చిన్నమ్మ అడిగింది. ఏదైనా అడగడం ఆమె నోట అదే మొదటిసారి విన్నాను. "శామీర్‌పేట చెరువు నిండిందంట గదా. ఒక్కపారి సూసి పోదామా?"

చెరువు కట్ట మీద ఆటో ఆపాం. మబ్బు పట్టిన సాయంత్రం, నీళ్లు బూడిదరంగులో కట్ట అంచుదాకా ఉన్నాయి. చిన్నమ్మ ఒక రాతి మీద కూర్చుని, చెప్పులు విడిచి, కొంగుతో మొహం తుడుచుకుంది. కాక ఆమెను చూశాడు, సంచిని చూశాడు. "బిడ్డా, మాది ఒకటి కొట్టు. పెండ్లినాడు దిగినం, మల్ల దిగలే" అన్నాడు. ఊరందరి ఫొటోలు తీసే మనిషికి పెళ్లినాటిది తప్ప తన భార్యతో కలిసి ఇంకో ఫొటో లేదు! చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "గీ వయసుల ఫోటోలేంది, సిగ్గు లేకుంట" అని లేవబోయింది. కాక పక్కన కూర్చుని ఆమె మోచేయి పట్టుకుని ఆపాడు. ఏదో చెవిలో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు, ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

నేను గబగబా కెమెరా తీశాను. ఒక్క క్షణం ఆలస్యం చేస్తే ఆమె లేచిపోతుందని భయం. వెనక మీట నొక్కలేదు. కిటికీలో ఇద్దరూ నలుగురిగా కనిపించారు, రింగు తిప్పి వాళ్లను ఇద్దరిని చేశాను. మీట సగం నొక్కాను. ఎర్రది వెలగలేదు, పసుపుదీ వెలగలేదు. మొదటి దెబ్బకే లెక్క కుదిరిందని నాకు గర్వం కూడా కలిగింది. ఆ మబ్బులో, ఆ పొద్దులో, ఆ రీలుకు పసుపు దీపం వెలిగి తీరాలి. అది వెలగకపోవడమే నన్ను ఆపాల్సింది. మూడు కొట్టాను. కాక నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

రీలు కడిగింది నేనే. నీళ్లలోంచి తీసి వెలుతురుకు పట్టుకుంటే, అంతకుముందు కాక తీసిన బొమ్మలన్నీ చక్కగా ఉన్నాయి. చివరి మూడు గళ్లూ దాదాపు ఖాళీగా, కిటికీ గాజులా ఉన్నాయి, వెలుతురు తగలనే లేదు. మా తప్పులు మేం దాచుకునే చీకటి గదిలోనే నిలబడి ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. "చివర్ల రీలు చుట్టుకోలే కాకా, పడలే" అన్నాను బయటికి వచ్చి. ఆయన నా మొహం చూశాడు. "పోనియ్. పండుగకు దిగుదాం" అన్నాడు. నేను ఆ ముక్కను కత్తిరించి కాగితంలో చుట్టి మా ఇంట్లో నాయిన కుట్టు మిషను సొరుగులో దాచాను. పారేయడానికి మనసొప్పలేదు.

పండుగ రాలేదు. చెరువు దగ్గరికి వెళ్లిన నాలుగో వారంలో, పొద్దున వాకిలి ఊడుస్తూ చిన్నమ్మ చీపురు పట్టుకునే కూలబడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. గుండె చాలా నెలలుగా బాగాలేదని, ఆయాసం వచ్చే ఉంటుందని డాక్టరు చెప్పాడట. "మీకు చెప్పలేదా?" అని కాకను అడిగాడట.

దినాలకు ఫొటో కావాలి. మా వైపు పోయిన మనిషి ఫొటోకు చట్రం కట్టించి, దండ వేసి, పైన చిన్న ఎర్ర బల్బు, మేం బుగ్గ అంటాం, వెలిగిస్తారు. అలాంటి ఫొటోలు కాక చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్క లేదు. భూమి పాసుపుస్తకం కోసం దిగిన అరచేతిలో పావువంతు ఉండే ఫొటోను పెద్దది చేసి, చొక్కా గుండీలు సరిదిద్ది, ఎంత మంది ముసలివాళ్లను గోడల మీదికి ఎక్కించాడో! పెళ్లినాటి ఫొటోలో ఆమె తల వంచుకునే ఉంది, మొహం కనపడదు. తన భార్య కోసం ఆయన మూడు రోజులు డబ్బాలన్నీ బోర్లించి రీళ్లు వెతికాడు. ఎవరెవరి పెళ్లికూతుళ్లో ఉన్నారు. ఒకదాంట్లో ఆమె చెయ్యి మాత్రం ఉంది, పెళ్లికూతురి జడ సర్దుతూ.

నాలుగో రోజు నేను కాగితం పొట్లం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. సంచిలో తాళం వేయలేదని, మీట నొక్కి చూడలేదని, రీలు చుట్టుకోలేదన్నది అబద్ధమని ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననే వెళ్లాను. ఆయన ఆ ముక్కను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాకెరుకనే బిడ్డా" అన్నాడు. "గా దినం సప్పుడు ఇన్న. మబ్బుల గంత జల్దీ కొట్టది గీ కెమెరా. బ్యాటరీ సూడు అందామనుకున్న. గని ఆమె నవ్వుతాంది. లేసిపోతదేమోనని ఊకున్న."

ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ రోజూ కూర్చునే స్టూలు.

"నువ్వు ఒక్క దినం సూడలే. నేను ఇరవయ్యేండ్లు సూడలే. మంచిగున్న అనేది, మంచిగున్నదనుకున్న. ఎర్రది ఎలగలే, పసుపుది ఎలగలే, ఇగ నాకేం పరేషాన్ అనుకున్న." ఆ ముక్కను మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఎలగక కాదు బిడ్డా. ఎలిగింది. నేను సూడని కాడ ఎలిగింది. మెట్ల కాడ నిలవడితె అది గాదా? వంటింట్ల ఒక్కతే కూసుండేది, అది గాదా?"

ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, బయట బస్సుల వాళ్లు వెళ్లే ఊరి పేరు, గండిమైసమ్మ, గండిమైసమ్మ అని అరుస్తూనే ఉన్నారు.

తర్వాత రెండు రోజులు మధ్యాహ్నాలు చీకటి గదిలో ఆ మూడు గళ్లలో ఒకదాన్ని అచ్చు వేయడానికి ప్రయత్నించాం. మా దగ్గరున్న కాగితాల్లో అన్నిటికన్నా గట్టిది, నలుపు తెలుపుల తేడాను పెంచి చూపేది, తీశాడు. మొదటి రెండూ మసి. మూడోది మందు నీళ్లలో వేసి నేను పళ్లెం ఊపుతుంటే, తెల్లగా మిగలాల్సినవి మాత్రం మిగిలాయి. కాక తెల్లచొక్కా. చిన్నమ్మ ముక్కుపుడక. ఆ నవ్వులో పళ్ల వరస. కళ్లు లేవు, చెరువు లేదు, మిగిలినదంతా వాన మబ్బు లాంటి మసక. అంత తక్కువ వెలుతురులో కూడా ఆమె నవ్వు ఫిల్ము దాకా చేరింది. కాక ఆ కాగితాన్ని తడిగా ఉండగానే అరచేతుల్లోకి తీసుకున్నాడు. దాన్నే చట్రం కట్టించాడు. వచ్చిన చుట్టాలు, ఇదేం ఫొటో, మొహమే కనిపించడం లేదు అని గొణిగారు. దండ వేయనిచ్చాడు గానీ ఎర్ర బుగ్గ పెట్టనివ్వలేదు. "ఇప్పుడెందుకు దీపం" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. పదేళ్లు తిరిగేసరికి శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. అమ్మకం కాగితాల కోసం రైతులు గుంపులుగా పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చేవారు. మిగతా స్టూడియోల్లో నిమిషంలో అయిపోయే పని మా దగ్గర అరగంట పట్టేది. కాక కెమెరా పక్కన పెట్టి "ఎట్లున్నవే?" అని అడిగేవాడు. "మంచిగున్న" అనేవారు. ఆయన కదిలేవాడు కాదు. కళ్లజోడు తుడుచుకుంటూ అలాగే చూస్తూ కూర్చునేవాడు. ఒకాయన అలా కాసేపు కూర్చుని, "ఏం మంచిగ అన్నా, రేపటికెల్లి పొద్దుగాల లేసి ఏడికి పోవాల్నో తెలుస్తలేదు" అని తల పట్టుకున్నాడు. కాక ఆయనకు చాయ్ తెప్పించాడు. నాకు అప్పట్లో విసుగ్గానే ఉండేది, బయట జనం నిలబడి ఉండేవారు మరి. ఒకరోజు అడిగేశాను. "ముందుగాల మీట నొక్కి సూస్తున్న, గంతే" అన్నాడు.

డిజిటల్ కెమెరాలు వచ్చాక రీళ్లు పోయాయి. కాక కళ్లు కూడా మసకబారాయి. చివరి రీలు ఆయన తీస్తుంటే కిటికీలో దీపాలు కనిపించేవి కావు. నేను ముందు కన్ను పెట్టి చూసి "పసుపు, కాకా" అని చెబితే ఆయన రింగు తిప్పేవాడు. కొన్నాళ్లకు కెమెరాను నా చేతిలో పెట్టి, స్టూడియో మూసేసి, ఇంటిపట్టునే ఉండిపోయాడు. నేను వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. "మంచిగనే ఉన్న బిడ్డా" అనేవాడు. నేను లేచేదాన్ని కాదు. కాసేపటికి, "రాత్రి నడుం మస్తు నొచ్చింది" అని బయటపడేవాడు. "బ్యాటరీ సూస్తున్నవా?" అని నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని, అప్పుడు మందులు వెతికేవాళ్లం. ఆయన పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎక్కడ నొప్పో, దేనికి భయమో అన్నీ నాకు చెప్పే పోయాడు. చిన్నమ్మ విషయంలో మా ఇద్దరికీ దక్కనిది అది. నా బాకీ దానితో తీరిందని నేను అనుకోను. ఆ చెరువు కట్ట మీద ఒక్క మీట నొక్కి ఉంటే ఆమె కళ్లు కూడా మాకు మిగిలేవి.

ఆ చట్రం ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్లు మరక అనుకుంటారు. ఇవాళ కెమెరాను ఒళ్లో పెట్టుకుని దాని కింద కూర్చున్నాను. మళ్లీ లతకు ఫోన్ చేశాను.

"ఏందక్కా, ఇప్పుడే గదా మాట్లాడినం?"

"పాలు దింపినవా?"

"దింపిన."

"ఎట్లున్నవే?"

"మంచిగనే ఉన్న అన్న గదా."

నేను ఏమీ అనలేదు. పెట్టేయనూ లేదు. అటువైపు గిన్నె ఏదో పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. కెమెరా వెనక మీట మీద నా బొటనవేలు అలాగే ఉంది. చాలాసేపటికి, "అక్కా" అంది లత. అది వేరే గొంతు.

"చెప్పు బిడ్డా" అన్నాను. "నేను ఏడికి పోతలేను."